బాస్కెట్‌బాల్‌లో చేయి తగిలితే ఫౌలేనా?

సంపాదకులకు,

బాస్కెట్‌బాల్ మ్యాచ్‌ల వార్తల్లో ‘రిఫరీల తీరు వివాదాస్పదం’, ‘ఒక జట్టు మీదే ఫౌళ్లు’ అనే వాక్యాలు తరచూ కనిపిస్తుంటాయి. ఆ ఫౌల్ ఏమిటి, ఏ నిబంధన కింద ఇచ్చారు, ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదు అన్నది మాత్రం ఉండదు. హ్యాండ్ చెకింగ్ విషయంలో ఈ లోటు మరీ ఎక్కువ. బంతి ఆడిస్తూ వస్తున్న ఆటగాడి నడుము మీదో తుంటి మీదో డిఫెండర్ చేయి వేసి, అతని దారిని తన అదుపులో పెట్టుకోవడమే హ్యాండ్ చెకింగ్. గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు ఇది సరిగ్గా కనిపించదు. కనిపించినా చిన్న విషయంలా అనిపిస్తుంది. రిఫరీ ఈల వేస్తే ‘అంతమాత్రానికే ఫౌలా’ అంటారు, వెయ్యకపోతే ‘కళ్లు లేవా’ అంటారు. ఈ రెండు మాటలూ ఒకే మనిషి ఒకే మ్యాచ్‌లో అనడం కొత్తేమీ కాదు. అందుకే రిఫరీ ఏం చూసి నిర్ణయిస్తారో కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నిబంధన సంగతి. అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నియమావళిలో 33వ ఆర్టికల్ ఆటగాళ్ల మధ్య తాకిడి గురించి చెబుతుంది. ప్రత్యర్థిని చేత్తో తాకడం దానికదే ఫౌల్ కానక్కర్లేదని అందులో స్పష్టంగా ఉంది. తాకినవాడు దానివల్ల అక్రమంగా లాభపడ్డాడా లేదా అన్నది రిఫరీ తేల్చాలి. ఎదుటివాడు స్వేచ్ఛగా కదలకుండా అది ఏ రకంగా అడ్డుపడినా ఫౌలే. చాలామంది ఇక్కడికే చదివి ఆపేస్తారు. ఆ తర్వాతి వాక్యాలే అసలైనవి. గార్డింగ్‌లో, అంటే ఎదుటివాడిని కాచుకుని, ఉన్న డిఫెండర్ చేతిని ప్రత్యర్థి మీద వేసి, తియ్యకుండా ఉంచి, అతన్ని ముందుకు పోనివ్వకపోతే ఫౌల్. బంతి అతని దగ్గర ఉన్నా లేకపోయినా అంతే. మాటిమాటికీ తాకడం, వేళ్లతో పొడవడం కూడా ఫౌల్. దానికి కారణం కూడా నిబంధనలోనే రాశారు: అది మోటు ఆటకు దారితీయవచ్చు కాబట్టి. అంటే ఒక్కో తాకుడుకూ ఎవరికెంత నష్టం జరిగిందని ఇక్కడ లెక్క తియ్యక్కర్లేదు.

దీనితో పాటు సిలిండర్ సూత్రం ఉంది. కోర్టు మీద నిలబడ్డ ప్రతి ఆటగాడి చుట్టూ నేల నుంచి పైకి ఒక స్తంభం ఉన్నట్టు ఊహించుకోవాలి. ముందు అరచేతుల దాకా, వెనక పిరుదుల దాకా, పక్కల చేతులు, కాళ్ల బయటి అంచుల దాకా ఆ స్థలం అతనిది. డిఫెండర్ చేతులు ముందుకు పెట్టుకోవచ్చు గానీ పాదాలు, మోకాళ్లు ఉన్న మేర దాటకూడదు. మోచేతులు వంగి, ముంజేతులు పైకి లేచి ఉండాలి. చేయి పూర్తిగా చాచి ఎదుటివాడి నడుముకు ఆనించిన డిఫెండర్ ఆ క్షణానికే తన స్తంభం బయట ఉన్నట్టు. తర్వాత జరిగే తాకిడికి బాధ్యత అతనిదే అవుతుంది.

అమెరికాలో కాలేజీ పురుషుల ఆటకు 2013-14 సీజన్ నుంచి దీన్ని ఇంకా సూటిగా రాసుకున్నారు. డ్రిబ్లర్ (బంతిని నేలకు కొడుతూ కదిలేవాడు) మీద చేయి గానీ ముంజేయి గానీ ఆనించి ఉంచడం, రెండు చేతులూ వెయ్యడం, చేయి చాచి పదే పదే పొడవడం, ముంజేతిని అడ్డకర్రలా పెట్టి ఆపడం, ఈ నాలుగూ ఫౌళ్లే. మరుసటి సీజన్‌లో స్కూలు ఆటకు కూడా దాదాపు ఇలాంటి నిబంధనే తెచ్చారు. ఇలా రాయడంలో రిఫరీకి ఒక సౌకర్యం ఉంది: ‘దానివల్ల నష్టం జరిగిందా’ అన్న వాదనకు తావు లేదు, రెండు చేతులూ పడ్డాయా లేదా అన్నదే ప్రశ్న. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ పద్ధతి వేరు. అక్కడ చేయి క్షణకాలం తగలొచ్చు. కాకపోతే దానివల్ల ఆటగాడి వేగం, చురుకుదనం, బ్యాలెన్స్, లయ, ఈ నాలుగింట్లో ఏదీ చెడకూడదు. ఏ నియమావళి కింద ఆడే మ్యాచ్ అయినా రిఫరీలు మనసులో వేసుకునే ప్రశ్నలకు ఈ నాలుగు మాటలూ బాగా పనికొస్తాయి.

ఒక డ్రైవ్‌ను, అంటే బంతితో రింగు మీదికి దూసుకెళ్లడాన్ని, నెమ్మదిగా చూద్దాం. బంతి ఉన్నవాడు మూడు పాయింట్ల గీత బయట, రింగుకు ఎదురుగా ఉన్నాడు. కుడిచేత్తో డ్రిబుల్ చేస్తూ కుడివైపుకు దూసుకెళ్లాడు. డిఫెండర్ పక్కకు జరుగుతూ వెంట వస్తున్నాడు. మొదటి అడుగులో ఇద్దరి మధ్య జానెడు ఖాళీ ఉంది. రెండో అడుగుకు దాడి చేసేవాడి భుజం డిఫెండర్ ఛాతీని దాటింది. ఇక రింగు వైపు మలుపు తీసుకోవాలి. సరిగ్గా అప్పుడు డిఫెండర్ కుడి అరచేయి అతని ఎడమ తుంటి మీద వాలుతుంది. తోసినట్టు కనిపించదు, మోచేయి కాస్త వంగే ఉంటుంది. కానీ తిరగాల్సిన తుంటి తిరగదు. సూటిగా రింగు మీదికి పోవాల్సినవాడు బేస్‌లైన్ (రింగు వెనక ఉండే కోర్టు చివరి గీత) మూలకు గుండ్రంగా పోతాడు. దారి ఒక అడుగు పెరిగింది. ఆ ఒక్క అడుగు వేసేలోపు డిఫెండర్ కాళ్లు సర్దుకుని మళ్లీ ఎదురుగా వచ్చేస్తాడు. దీనికి గ్యాలరీ నుంచి చప్పట్లు వస్తాయి, మంచి డిఫెన్స్ అని.

రిఫరీకి కావలసిన ఆధారాలన్నీ ఆ ఒకటిన్నర సెకనులోనే ఉంటాయి. చేయి పడకముందు అడుగు ఎంత పొడవు, పడ్డాక ఎంత? నడుము కింద ఆడుతున్న బంతి ఉన్నట్టుండి ఛాతీ ఎత్తుకు లేచిందా? భుజాలు రింగు వైపు ఉన్నాయా, పక్కకు తిరిగిపోయాయా? ఇంకో రెండు అడుగులు పోగలిగినవాడు అక్కడే బంతి పట్టేసుకున్నాడా? ఇందులో ఏ ఒక్కటి చేయి పడిన క్షణంతో కలిసినా అది ఫౌల్. చేయి పడినా దారి మారకుండా, అదే ఊపులో దాటిపోయాడంటే అది వదిలెయ్యాల్సిన తాకిడి. దాన్నే రిఫరీలు మార్జినల్ కాంటాక్ట్ అంటారు.

ఇంకో ఆధారం డిఫెండర్ పాదాల్లో ఉంటుంది. కాళ్లు సమయానికి చేరినవాడికి చేత్తో పనిలేదు. కాళ్లు వెనకబడిన చోటే చేయి ముందుకొస్తుంది. పాదాలు అడ్డంగా పడి, ఒకదాన్నొకటి దాటి, తుంటి తెరుచుకున్న డిఫెండర్‌ను చూడగానే తర్వాత ఎక్కడ చూడాలో అనుభవమున్న రిఫరీకి తెలుస్తుంది: చేతి మీద. ఫిబా రిఫరీలకు ఇచ్చే శిక్షణలో బంతిని కాదు, డిఫెండర్‌ను చూడమని గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. గ్యాలరీలోనూ టీవీ ముందూ అందరి చూపూ బంతి మీదే ఉంటుంది. ఒకే ఆటను రెండు వేర్వేరు చోట్ల చూస్తున్నవాళ్లకు అభిప్రాయం ఒకటి కాకపోవడంలో వింతేముంది?

చూసే చోటు గురించి ఇంకా చెప్పాలి. తప్పుడు నిర్ణయాల్లో ఎక్కువ భాగం నిబంధన తెలియక జరిగేవి కావు, నిలబడ్డ చోటు బాగాలేక జరిగేవి. రిఫరీ, డ్రిబ్లర్, డిఫెండర్ ముగ్గురూ ఒకే వరసలోకి వచ్చారంటే రిఫరీకి కనిపించేది డ్రిబ్లర్ వీపు మాత్రమే. పై ఉదాహరణలో తుంటి మీద పడ్డ చేయి ఆ వీపు వెనక ఉండిపోతుంది. ఒకటి రెండు అడుగులు పక్కకు వేస్తే ఇద్దరి శరీరాల మధ్య ఖాళీ కళ్లకు కడుతుంది. ఆ ఖాళీ కనిపించినంతసేపే నిర్ణయం నమ్మదగినది. దూరం మూడు నుంచి ఆరు మీటర్లు ఉండాలంటారు. అంతకంటే దగ్గరైతే చేతులు కనిపిస్తాయి, కాళ్లు చూపులోంచి పోతాయి. ఆట వేగం కూడా ఉన్నదానికంటే ఎక్కువగా అనిపిస్తుంది. దూరమైతే నిర్ణయం సరైనదైనా ఎవరూ నమ్మరు. తీర్పు చెప్పే క్షణానికి రిఫరీ నిలబడి ఉండడం కూడా ముఖ్యం. పరుగెత్తుతున్న కళ్లకు చిన్న తాకిడి పెద్దదిగా, పెద్దది చిన్నదిగా కనిపిస్తుంది.

ముగ్గురు రిఫరీలున్న మ్యాచ్‌లో బేస్‌లైన్ దగ్గర లీడ్, దాడి వెనక ట్రెయిల్, ఎదుటి పక్క ఫ్రీ త్రో గీత సూటిలో సెంటర్ ఉంటారు. ఎవరి ప్రాంతంలో బంతి ఉంటే వాళ్లే మొదట తీర్పు చెబుతారు. మిగతావాళ్లు బంతి లేని చోట స్క్రీన్లు (తోటి ఆటగాడి కోసం డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడడం), పోస్ట్‌లో (రింగుకు దగ్గరి చోట) తోపులాటలు చూస్తారు. ఇద్దరే ఉంటే బంతికి దూరంగా జరిగే పట్టివేతలు చాలా వరకు తప్పిపోతాయి. అది రిఫరీ అలసత్వం కాదు, నాలుగు కళ్లు పదిమందిని ఒకేసారి చూడలేకపోవడం. టోర్నమెంట్ నిర్వాహకులు ఖర్చు తగ్గించుకోవాలని మూడో రిఫరీని మానేసి, తర్వాత ఆ ఇద్దరిని తిట్టడంలో అర్థం లేదు.

ఈల ఎప్పుడు వెయ్యాలన్నది ఇంకో చిక్కు. రింగుకు దూరంగా, బంతిని కోర్టులో ముందుకు తెచ్చే దశలో చేయి అడ్డు పడితే ఈల వెంటనే రావాలి. అక్కడ ఆగి చూడడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఆలస్యం చేస్తే గొడవ పెరుగుతుంది. అదే రింగు వైపు దూసుకుపోతున్నవాడి మీద చేయి పడితే, ఒక అర సెకను ఆగి ఆ డ్రైవ్ ఎలా ముగుస్తుందో చూడాలి. ఎందుకంటే షాట్ మొదలుకాకముందే ఈల పడితే బంతి డెడ్ అయిపోతుంది, ఆ తర్వాత బుట్టలో పడినా లెక్కలోకి రాదు. డ్రైవ్‌లో డ్రిబుల్ ఆగి బంతి చేతిలో నిలిచి, షాట్ కదలిక మొదలైతేనే అది షూటింగ్ కింద లెక్క. డ్రిబుల్ నడుస్తుండగా తుంటి మీద పడ్డ చేతికి ఈల వేస్తే, ఆటగాడు ఆ తర్వాత బంతి వేసినా ఆ రెండు పాయింట్లు పోయినట్టే. ఆ క్వార్టర్‌లో జట్టు మొత్తం ఫౌళ్లు (టీమ్ ఫౌళ్లు) నిండకపోతే దక్కేది త్రో-ఇన్, అంటే గీత బయట నుంచి బంతి లోపలికి వెయ్యడం, మాత్రమే. తొందరపడ్డ ఈల ఫౌల్ చేసినవాడికే మేలు చేసిందన్నమాట. ‘బాస్కెట్ ఎందుకివ్వలేదు’ అని గొడవపడే అభిమానులు, ‘ఈల ఎందుకు ఆలస్యమైంది’ అని అరిచే కోచ్‌లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే సగం వాదనలు ఉండవు.

అయితే ఓపిక వేరు, వాయిదా వేరు. ఆగి చూడడమంటే షాట్ పోయిందా పడిందా చూసి, పోతే ఫౌల్ ఇవ్వడం కాదు. అలా ఇచ్చే రిఫరీలు ఉన్నారు, ఆటగాళ్లకు అది తేలిగ్గానే తెలిసిపోతుంది. చూడాల్సింది తాకిడి ఆటగాడి కదలికను దెబ్బతీసిందా అన్నది. కదలిక చెడలేదు, కానీ సులువైన షాట్ చేజార్చుకున్నాడంటే అది అతని తప్పు.

ఇక జట్ల లెక్క. ఫిబా పద్ధతిలో పది నిమిషాల క్వార్టర్‌కు జట్టుకు నాలుగు ఫౌళ్ల దాకా ఇలాంటి తాకిడికి త్రో-ఇన్‌తో సరి. ఐదోది నుంచి రెండు ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డురాకుండా గీత దగ్గర నుంచి వేసే షాట్లు). ఆటగాడికి ఐదు ఫౌళ్లు పడితే బయటికి పోవాలి, ఎన్‌బీఏలో ఆరు. ఈ లెక్క తెలిసిన కోచ్ మొదటి మూడు నిమిషాల్లో తన గార్డులను (రింగుకు దూరంగా, చుట్టూ ఆడేవాళ్లను) చేతులు గట్టిగా వాడమని పంపుతాడు. ఈల పడితే రెండు మూడు టీమ్ ఫౌళ్లు పోతాయి, పెద్ద నష్టం లేదు. పడకపోతే ఆ రోజు గీత ఎక్కడుందో తెలిసిపోయింది, మ్యాచ్ పొడవునా అక్కడే ఆడొచ్చు. రిఫరీకి మ్యాచ్ మొత్తంలో అన్నిటికంటే విలువైన ఈల అందుకే మొదటి రెండు నిమిషాల్లో ఉంటుంది. తుంటి మీద చేయి పడిన మొదటిసారే ఫౌల్ ఇస్తే డిఫెండర్లు సర్దుకుంటారు, చేతులు వెనక్కి తీసుకుంటారు. వదిలేసి మూడో క్వార్టర్‌లో ఇవ్వడం మొదలుపెడితే, ఇంతసేపూ చెల్లిన ఆటకు ఇప్పుడు శిక్ష ఏమిటని వాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు ఏ రిఫరీ దగ్గరా ఉండదు.

హెచ్చరిక మాటలతో సరిపెట్టడానికి కూడా ఒక హద్దుంది. చేయి ఇంకా కదలికను చెడగొట్టనప్పుడు ‘చెయ్యి తియ్’ అని ఒకసారి అనడం మంచిదే, దానివల్ల నాలుగు ఫౌళ్లు తగ్గుతాయి. దారి మళ్లిపోయిన తర్వాత మాట అనడం మాత్రం పనికిరాదు. నష్టం జరిగిపోయింది, దాని లాభం డిఫెండర్‌కు దక్కింది, ఎదుటివాడికి మిగిలింది రిఫరీ మాట వినపడడమే.

ఫాస్ట్ బ్రేక్‌లో ఇదే చేయి ఇంకా పెద్ద తప్పవుతుంది. దాడి చేసే జట్టు బంతితో వేగంగా ముందుకు పోతుంటే, దాన్ని ఆపడానికే డిఫెండర్ అనవసరంగా పట్టుకున్నా లాగినా అది అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ (క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన) ఫౌల్. రింగుకూ ఆటగాడికీ మధ్య ప్రత్యర్థి ఎవరూ లేనప్పుడు వెనక నుంచో పక్క నుంచో అక్రమంగా తాకి ఆపినా అంతే. ఫ్రీ త్రోలతో పాటు బంతి కూడా ఎదుటి జట్టుకే పోతుంది. రెండోసారి చేస్తే ఆటగాడు మ్యాచ్ నుంచి అవుట్. ‘గట్టిగా కొట్టలేదు కదా’ అనే వాదన ఇక్కడ చెల్లదు. ఇక్కడ చూసేది దెబ్బ బలం కాదు.

పోస్ట్ ఆట దగ్గర పాఠకులు ఎక్కువగా తికమకపడేది టీవీలో ఎన్‌బీఏ చూసి వచ్చిన లెక్కలతో. రింగుకు వీపు పెట్టి, బంతితో, ఫ్రీ త్రో గీతకు కింద ఆడుతున్నవాడి మీద అక్కడ డిఫెండర్ ముంజేయి ఆనించవచ్చు. రింగుకు ఆనుకుని ఉన్న లోయర్ డిఫెన్సివ్ బాక్స్‌లో మోచేయి వంచి ఒక చేయి కూడా పెట్టొచ్చు. ఆ బాక్స్ బయట అదే ఆటగాడు తిరిగి రింగును చూస్తూ డ్రైవ్ మొదలుపెట్టగానే ఆ అనుమతి పోతుంది. ఫిబాలో ఇలాంటి పెట్టె ఏదీ లేదు. పోస్ట్‌లో ఇద్దరూ తమ తమ స్తంభాల్లో ఉండాలి. మోచేయి, మోకాలు చాచి గానీ, భుజంతో తుంటితో నెట్టి గానీ ఎదుటివాడిని అతని స్థానం నుంచి కదిలించకూడదు. అందుకే మంచి పోస్ట్ రిఫరీ చేతికంటే ముందు పాదాలు చూస్తారు. నిలబడ్డవాడి పాదం అడుగు మేర జరిగిందంటే ఎవరో నెట్టారు. ఎవరన్నదే తేల్చాల్సింది, ఆ నెట్టినవాడు చాలాసార్లు బంతి ఉన్నవాడే అవుతాడు.

దాడి చేసేవాడి తప్పుల గురించి మన పత్రికల్లో దాదాపు ఏమీ రాయరు. డ్రిబుల్ చేస్తూ ఖాళీ చేతిని చాచి డిఫెండర్‌ను బంతి దగ్గరికి రానివ్వకపోవడం ఫౌల్. మోచేత్తో డిఫెండర్‌ను చుట్టి కొక్కెం వేసి దాటడం ఫౌల్. షాట్‌కు ముందు ఛాతీ మీద చేయి పెట్టి ఖాళీ చేసుకోవడం ఫౌల్. రింగు కింద 1.25 మీటర్ల వ్యాసార్ధంతో గీసిన అర్ధవృత్తంలో డిఫెండర్ నిలబడి ఉంటే చార్జింగ్ (దాడి చేసేవాడు డిఫెండర్‌ను గుద్దుకునే ఫౌల్) ఉండదని అందరికీ తెలుసు. కానీ గాల్లో ఉన్నవాడు చేతినో కాలినో అక్రమంగా వాడితే ఆ వృత్తం కూడా కాపాడదు. చేతులు నిటారుగా పైకెత్తి తన స్థలంలోనే ఎగిరిన డిఫెండర్‌ను గుద్దుకుని ఫౌల్ అడిగేవాళ్లకు కూడా ఏమీ రాదు. ఇది తిరగేసి కూడా నిజమే: డిఫెండర్ మరీ మీదికొచ్చి ఎదుటివాడి స్తంభంలోకి దూరితే, బంతి పట్టుకున్నవాడు మామూలుగా తిరిగినప్పుడు తగిలిన మోచేతికి బాధ్యత డిఫెండర్‌దే.

ఫౌల్ కోసమే తాకిడి సృష్టించేవాళ్ల సంగతి వేరే ఉంది. 2021-22 సీజన్ నుంచి ఎన్‌బీఏ దీన్ని గట్టిగా పట్టించుకుంది. షాట్ పేరుతో డిఫెండర్ మీదికి అసహజమైన కోణంలో ఒరగడం, దారి నుంచి హఠాత్తుగా పక్కకో వెనక్కో జరిగి గుద్దుకోవడం, కాలు విసరడం, చేత్తో డిఫెండర్‌ను చుట్టుకోవడం వంటివాటికి ఫౌల్ ఇవ్వడం మానేశారు, కొన్నిటికి ఎదురు ఫౌల్ ఇచ్చారు. హ్యాండ్ చెకింగ్‌ను కఠినంగా పట్టుకుంటే డ్రిబ్లర్లకు నాటకాలు నేర్పినట్టవుతుందనే వాదన ఒకటుంది. అది సగం నిజం. డిఫెండర్ చేయి, డ్రిబ్లర్ కొక్కెం రెండూ ఒకే రిఫరీ ఒకే కళ్లతో చూడగలిగితే ఆ సమస్య చాలా వరకు పోతుంది.

‘పాతకాలంలో చేతులు వెయ్యనిచ్చేవాళ్లు, 2004లో నిషేధించారు’ అని అభిమానుల చర్చల్లో తేల్చేస్తుంటారు. అది సరికాదు. ఎన్‌బీఏ 1978-79లోనే హ్యాండ్ చెకింగ్‌ను కఠినంగా అరికట్టాలని స్పష్టత ఇచ్చింది. 1994-95లో వెనక బేస్‌లైన్ నుంచి ఎదుటి ఫ్రీ త్రో గీత దాకా హ్యాండ్ చెకింగ్‌ను నిషేధించింది. 1997-98లో రింగుకు ఎదురుగా తిరిగి వస్తున్నవాడిని ముంజేతితో ఆపకూడదంది. 2004-05లో మళ్లీ కొత్త నిబంధనలు తెచ్చింది. పావు శతాబ్దంలో ఒకే తప్పు గురించి ఇన్నిసార్లు రాయాల్సి వచ్చిందంటే లోపం పుస్తకంలో లేదు. సీజన్ మొదట్లో ఈలలు గట్టిగా పడతాయి, ఆటగాళ్లు, ప్రేక్షకులు విసుక్కుంటారు, నెమ్మదిగా పట్టు సడలుతుంది, మళ్లీ ఎవరో ఒకరు నిబంధన తిరగరాస్తారు.

రిఫరీల వైపు నిజమైన లోపాలు లేవని కాదు. చప్పుడు విని ఈల వెయ్యడం ఒకటి. చేతి మీద చేయి పడితే ‘టప్’మంటుంది, కానీ బంతి మీదున్న చేతిని తాకడం ఎన్‌బీఏలో తప్పే కాదు. శబ్దం లేకుండా తుంటిని మళ్లించిన అరచేయి అంతకంటే పెద్ద తప్పు. బంతి చేజారింది కాబట్టి ఫౌల్ జరిగే ఉంటుందని ఊహించి ఇవ్వడం మరొకటి. తాకిడి మొదలవడం చూడని రిఫరీ దాని ముగింపు చూసి తీర్పు చెప్పకూడదు. అవతలి వైపు ఒకటి తప్పు ఇచ్చామని ఇవతలి వైపు ఒకటి ఇచ్చి సరిపెట్టడం అన్నిటికంటే అన్యాయం, అప్పుడు తప్పులు రెండవుతాయి. ఇక చివరి రెండు నిమిషాల్లో ‘ఆటగాళ్లే తేల్చుకోనీ’ అని ఈల జేబులో పెట్టుకోవడం. దీన్ని చాలామంది పెద్దరికంగా చూస్తారు, నేను ఒప్పుకోను. ముప్పై ఎనిమిది నిమిషాలు కాళ్లతో డిఫెన్స్ ఆడిన జట్టుకూ, చేతులతో ఆడాలని కాచుకుని కూర్చున్న జట్టుకూ మధ్య అది తటస్థంగా ఉండడం కాదు. రెండో జట్టు పక్షం వహించడమే.

వీడియో దీన్ని సరిచేస్తుందని ఆశపడేవాళ్లకు ఒక మాట. ఎన్‌బీఏలో 2019-20 నుంచి కోచ్‌కు చాలెంజ్ (నిర్ణయాన్ని వీడియోలో మళ్లీ చూడమని అడిగే హక్కు) ఉన్నా, అది రిఫరీ ఇచ్చిన నిర్ణయం మీదే పనిచేస్తుంది. ఇవ్వని హ్యాండ్ చెక్ మీద నేరుగా చాలెంజ్ లేదు. అయితే అక్కడ 2015 నుంచి ఒక మంచి అలవాటు ఉంది. హోరాహోరీగా ముగిసిన మ్యాచ్‌ల చివరి రెండు నిమిషాల్లో ఇచ్చిన ముఖ్యమైన నిర్ణయాలను, ఇవ్వకుండా వదిలేసిన వాటిని మర్నాడు ఒక్కొక్కటిగా ప్రకటిస్తారు. ఏది సరైనది, ఏది తప్పు, ఎందుకు అన్నది అందులో ఉంటుంది. తాకిడి ఉన్నా మార్జినల్ కాబట్టి వదిలెయ్యడం సరైనదే అనే మాట ఆ నివేదికల్లో తరచూ కనిపిస్తుంది.

మీ క్రీడా విలేకరులకు ఇంత పని అక్కర్లేదు. కోర్టు పక్కన కూర్చుంటే రిఫరీ స్కోరర్ల బల్లకు చూపించే సైగలే చాలా చెబుతాయి. ముందు ఆటగాడి నంబరు, తర్వాత ఫౌల్ రకం, ఆ తర్వాత శిక్ష. ఒక చేత్తో రెండో చేతిని పట్టుకుని ముందుకు తోసినట్టు చూపిస్తే హ్యాండ్ చెకింగ్. మణికట్టు మీద కొట్టినట్టు చూపిస్తే చేతుల అక్రమ వాడకం. మణికట్టు పట్టుకుని కిందికి లాగితే హోల్డింగ్ (పట్టుకోవడం). రెండు చేతులూ నడుము మీద పెడితే బ్లాకింగ్ (అక్రమంగా దారికి అడ్డుపడడం). పిడికిలితో అరచేతిని గుద్దితే చార్జింగ్. ఇవి నోట్ చేసుకుని, క్వార్టర్ల వారీగా టీమ్ ఫౌళ్లు, అందులో హ్యాండ్ చెకింగ్ ఎన్ని అన్నది స్కోరు కింద ఒక్క వరుసలో వేయండి. మొదటి క్వార్టర్‌లో రెండు జట్ల మీదా ఒక్క హ్యాండ్ చెక్ కూడా లేక, నాలుగో క్వార్టర్‌లో ఒక జట్టు మీదే ఐదు కనిపిస్తే అప్పుడు రిఫరీని ప్రశ్నించండి, అడగాల్సిన ప్రశ్నే అది. మొదటి క్వార్టర్ నుంచే ఒక జట్టు మీద ఎక్కువ పడుతూ వచ్చాయంటే, ముందుగా ఆ జట్టు కోచ్‌ను ఆయన గార్డుల కాళ్ల గురించి అడగండి.

ఇట్లు,
ఒక బాస్కెట్‌బాల్ రిఫరీ